మొగలాకు సంచి

పసిఫిక్ సముద్రంలోని తువాలు దీవుల నావికుడు తవితకు అపెండిక్స్ పగిలింది. ఓడ నుంచి దించి విశాఖలో ఆపరేషన్ చేశారు. మెలకువ రాగానే అతను వెతికింది తల్లి నలుపు తెలుపు మెలికలతో అల్లిన సంచి కోసం. హడావిడిలో స్ట్రెచర్ చక్రం కింద పడి ఒక పక్క చిరిగిపోయింది. అది చూసి అతను గోడవైపు తిరిగి పడుకున్నాడు.

ఆ వార్డు ఆయా సీతాలు ఉండేది మల్కాపురంలో. సంచిని తడిమి, వాసన చూసింది.

"సిస్టరమ్మా, ఇది మొగలాకే! మా అమ్మ దీంతోటే సాపలల్లీది. నాను బాగు సేత్తానని సెప్పండి."

నర్సు హిమబిందు ఇంగ్లీషులో చెప్పింది. తవిత కాసేపు తటపటాయించి తలూపాడు.

సీతాలు సముద్రపు ఒడ్డున ఆకు కోసి, ముళ్లు తీసి, ఉడికించి, ఎండబెట్టి సన్నగా చీల్చింది. కరక్కాయ, తుప్పు మేకులు నానబెట్టిన నీళ్లలో కొన్ని పోగులు నల్లగా అద్దింది. పెళ్లై పట్నం వచ్చాక ఇరవై ఏళ్లుగా అల్లిక మానేసిన మనిషి. పైగా ఆ నలుపు తెలుపు మెలికలు ఆమెకు కొత్త. రెండుసార్లు అల్లి విప్పేసింది.

మర్నాడు ఉదయం వార్డులో ఆమె తంటాలు చూసి తవిత తల్లికి వీడియో కాల్ చేసి, ఫోన్ సీతాలు చేతుల వైపు తిప్పాడు. ముసలామె ఒక్క క్షణం చూసి, తన దగ్గరున్న పోగుల్ని నెమ్మదిగా మడిచి చూపించింది.

"ఓలమ్మా, నల్లది పైకి రావాలేటి!" సీతాలు నవ్వేసింది. "ఈ మెలికలేటమ్మా?"

హిమబిందు తవితను అడిగి చెప్పింది. "గూటికెళ్లే సముద్రపు పక్షుల రెక్కలంట. మీ అల్లికలో ఏం బొమ్మలుంటాయని వాళ్లమ్మ అడుగుతోంది."

"మాయి ఉత్త సాపలే. ఏ బొమ్మా ఉండదు."

ముసలామె ఏదో గట్టిగా అంది. తవిత నవ్వి హిమబిందుకు ఇంగ్లీషులో చెప్పాడు.

"అయితే నువ్వే మొదలెట్టమంటోంది, సీతాలక్కా."

డిశ్చార్జి నాటికి సంచి సిద్ధమైంది. కొత్త ఆకు రంగు తేడాగా తెలుస్తూనే ఉంది. తవిత ఆ చోట అరచేయి ఆనించి, సీతాలుకు వంగి దండం పెట్టాడు.

నెల తిరిగేసరికి సీతాలు తనకోసం ఒక సంచి అల్లుకుంది. దాని మీద యారాడ కొండ, కింద అలలు. అది భుజాన వేసుకుని బజారుకెళ్తే పక్కింటి పోతమ్మ ఆపింది.

"ఎవులల్లారే ఇది?"

"నానే."

"నాకు నేర్పుతావేటి?"

ఆ ఆదివారం మొగలాకు కోసుకొద్దామని ఇద్దరూ కలిసి బయల్దేరారు.