జానెడు ఎత్తు

ఎండ ఎక్కకముందే కురుమయ్య సగం మైదానంలో పల్లేరుకాయలు ఏరేశాడు. విమానంలోంచి దూకి పారాచూట్లతో దిగేవాళ్లకు ముళ్లు గుచ్చుకోకూడదని అతణ్ని పెట్టుకున్నారు. మర్రిగూడ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి యాభై ఏళ్లకే నడుము కొడవలిలా వంగి బిగుసుకుపోయింది కాబట్టి, వంగే శ్రమైనా తప్పింది. మెడ మాత్రం పైకి లేవదు. రెండేళ్ల కొలువులో ఒక్కరు దూకడమూ చూడలేదు.

అతనికి తెలిసినవి కాళ్లే. ముందు నేలమీద నీడ పడుతుంది, తర్వాత బూట్లు. కొందరివి నేల తాకాక కూడా గజగజలాడతాయి. ఆ పొద్దున దిగిన నల్గొండ పంతులమ్మ ఉమారాణి మాత్రం బూట్లు విప్పేసి గెంతింది.

"కాకా, పైన నా పేరే మర్చిపోయిన!"

కురుమయ్యకు అసూయ పుట్టింది. ఈ నడుమును ఒక్క నిమిషం మర్చిపోతే చాలు తనకు.

తనూ దూకుతానంటే, సద్ది తెచ్చిన భార్య సుక్కమ్మకు అది పిచ్చిగా తోచింది. "మంచం దిగనీకే అద్దగంట పడ్తది. మొగులు మీదికెల్లి దుంకుతవా?"

"ఆడ కిందికే జూసుడు సుక్కా. మెడ లేపే పనే లేదు."

కొత్తవాళ్లను తన ఒంటికి కట్టుకుని దూకించే గిరి ఒక్క షరతు పెట్టాడు. దిగేటప్పుడు కాళ్లు చాపి నడుమెత్తు లేపాలి, లేకుంటే విరుగుతాయి. పన్నెండింటికి, లేపగలడో లేదో చూడ్డానికి, కురుమయ్యను బల్లమీద కూర్చోబెట్టి పట్టీలు బిగించాడు.

"లేపు కాకా."

కురుమయ్య పళ్లు బిగబట్టాడు. మడమలు జానెడు లేచి అక్కడే ఆగిపోయాయి.

"సాలవు కాకా. వచ్చే నెల జూద్దాం," అన్నాడు గిరి, పట్టీలు విప్పుతూ.

"పోయినసారి రెండు వేళ్ల మందమే లేసినయి సారూ. గీసారి జానెడు."

అన్నం తిని, జరసేపు ఒరుగుతానని రేకుల షెడ్డులోకి పోయాడు.

మూడింటికి దిగిన పారాచూట్లు, కురుమయ్య వచ్చి ఎత్తక, మైదానంలో అలాగే పడి ఉన్నాయి. పిలిచినా పలకకపోతే గిరి షెడ్డులోకి వెళ్లాడు. కురుమయ్య మంచం మీద పక్కకు తిరిగి పడుకునే ఉన్నాడు. ఒళ్లు చల్లబడింది. నిద్రలోనే గుండె ఆగినట్టుంది. సుక్కమ్మ వచ్చి పడి ఏడ్చింది. నలుగురు కలిసి ముడుచుకున్నవాణ్ని అలాగే ఎత్తుకుపోయారు.

ఖాళీ మంచం దగ్గర గిరి ఒక్కడే నిలబడ్డాడు. కాళ్లవైపు దూలం మీదుగా ఒక తాడు వేసి ఉంది. దాని ఒక కొసన పాత చీర చింపి కుట్టిన రెండు పట్టీలు, పాదాలు పెట్టుకునేందుకు. రెండో కొస తలగడ పక్కన, చేతికి అందేలా, లాగి లాగి నున్నబడి ఉంది.