ఓదెలు కర్ర మీది మువ్వ

నేను ఒక ఇత్తడి మువ్వను. ఉసిరికాయంత ఉంటాను. కడుపులో ఒక ఇనుప గుండు, కింద చీలినట్టుగా ఒక నోరు. ఆ నోటితో ఒక్క మాటే అనగలను. సంతోషానికైనా ప్రమాదానికైనా నాకు అదే మాట. ఈ లోపం నాది కాదు, నన్ను పోసినవాడిది. అయినా దానివల్ల ముగ్గురు మనుషులు ఏట్లో కొట్టుకుపోబోయారు కనుక, ముందుగానే ఒప్పేసుకుంటున్నాను.

నన్ను పోసినవాడు కంచరి లక్ష్మణాచారి. మైనంతో నా ఆకారం చేసి, మట్టి పూసి, కాల్చి, కరిగిన ఇత్తడి పోశాడు. చల్లారాక మట్టి పగలగొట్టి చెవి దగ్గర ఆడించాడు. నూటికి నాలుగైదు మువ్వలు మూగవి పుడతాయి. వాటిని మళ్లీ మూసలో పడేస్తాడు. నన్ను మాత్రం చూసి నవ్వి బుట్టలో వేశాడు. బతికిపోయాను అనుకున్నాను.

సంతలో నన్ను కొమురయ్య అనే గొర్లకాపరి కొని, మందకు ముందు నడిచే మేకపోతు మెడకు కట్టాడు. ఆరేళ్లు ఆ మెడ మీదే తిరిగాను. నేను మోగినవైపు మంద తల వంచుకుని నడిచేది. ఒకసారి మేకపోతు దారి తప్పి పొరుగువాడి కందిచేలోకి దిగితే, మంద మొత్తం దిగింది. తిట్లు మాత్రం కొమురయ్యకు పడ్డాయి. తర్వాత మేకపోతు ఒక పెళ్లివిందుకు వెళ్లిపోయింది. నన్ను గోడమేకుకు తగిలించారు. ఆ ఇంటికి నీళ్ల మోటరు బాగుచెయ్యడానికి వచ్చిన ఓదెలు, పని చేస్తూ చేస్తూ నావైపు చూశాడు. లేచి వచ్చి వేలితో ఒకసారి మీటాడు. కళ్లు మూసుకుని, మోత పూర్తిగా ఆగేదాకా విన్నాడు. అంత శ్రద్ధగా నన్ను విన్న మనిషి అంతకుముందు లేడు. అప్పుడే అతని వెంట వెళ్లాలనిపించింది. కొమురయ్య అడగగానే ఇచ్చేశాడు.

ఓదెలుది కూడలిలో మోటరు వైండింగ్ దుకాణం. కాలిన మోటరు తిప్పి, ఆ మోతను బట్టే ఏ తీగచుట్ట పోయిందో చెప్పేవాడు. అతనికి ఇద్దరు స్నేహితులు. ఒకరు డ్రాయింగ్ మాస్టారు భూమేశ్. ఇంకొకరు దర్జీ సాదిక్. ముగ్గురూ ఒకే ఈడువాళ్లు, యాభైకి అటూ ఇటూ. ఆదివారం పొద్దున్నే వెదురు కర్రలు, తవుడూ పల్లిచెక్కా కలిపిన ముద్దలు, మూడు అన్నం గిన్నెలు సైకిళ్లకు కట్టుకుని ఏటికి పోయేవారు. రవ్వ చేపలు, మోసు చేపలు పట్టడం వాళ్ల పిచ్చి. ఇంట్లోవాళ్లు బజారులో కొనుక్కొస్తే సరిపోతుంది కదా అనేవారు. ఇష్టంగా వండుకునేవాడితో హోటలుంది కదా అన్నట్టుంటుంది ఆ మాట.

ఏటి మధ్యలో ఒక పరుపుబండ ఉంది. ఒడ్డుకూ బండకూ మధ్య సన్నటి పాయ పారుతుంది. మోకాలి లోతు. పాయ దాటి బండ ఎక్కి, అసలు ఏటివైపు ముఖం పెట్టి కూర్చునేవారు. కర్రలను బండ పగుళ్లలో గుచ్చి, గాలాలు లోతుకు విసిరి, కర్ర కొసకు మువ్వ కట్టేవారు. సాదిక్‌వీ భూమేశ్‌వీ రేకు మువ్వలు, జలుబు చేసినట్టు మోగేవి. నన్ను మాత్రం ఓదెలు కర్రకు కట్టేవారు.

వాళ్లకు ఒక కట్టుబాటు ఉండేది. మువ్వ మోగుతుండగా ఎవరూ లేవకూడదు, అడుగు కదలకూడదు. బండ మీద అడుగు చప్పుడైతే చేప ఎర వదిలేస్తుంది. లేచినవాడు ఆ వారం అందరి చేపలూ తోమాలి. ఎప్పుడు లాగాలో చెప్పేది ఓదెలు. మోత వినగానే “రవ్వ” అనో, “మోసు, ఇంకా మింగలే, ఆగుండ్రి” అనో, “గాలి” అనో తేల్చేసేవాడు. పదకొండేళ్లలో అతని మాట తప్పింది రెండు మూడుసార్లే. భూమేశ్ సారు బడిలో ఎవరి మాటా వినడు గానీ, బండ మీద ఓదెలు చెవికి మాత్రం విధేయుడు. సాదిక్‌కు ఈత రాదు. అయినా ఓదెలు పక్కనుంటే ఏ నీళ్లకూ భయపడేవాడు కాదు.

ఇక అసలు సంగతి చెప్పాలి. ఓదెలుకు చెవులు పోయాయి. ముప్పై ఏళ్లు మోటర్ల హోరు పక్కన కూర్చున్నవాడికి అది పెద్ద వింతేమీ కాదు. మొదట కుడి చెవి, తర్వాత ఎడమది. నాకు ఎలా తెలిసిందంటే, ఒక ఆదివారం నేను గొంతు చించుకుని మోగినా కళ్లు మూసుకుని అలాగే కూర్చున్నాడు. భూమేశ్ భుజం తడితే ఉలిక్కిపడి “చూస్తున్న, చూస్తున్న” అన్నాడు. మరుసటి వారం నాకు ఎర్రటి ఊలు కుచ్చు కట్టాడు. దిష్టికి అని చెప్పాడు. అప్పటినుంచి కళ్లు మూయడం మానేశాడు. కుచ్చు వణికే తీరును బట్టి చేప పేరు చెప్పేవాడు. సగంసార్లు సరిపోయేది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, అతని అబద్ధం అలాగే అతికింది. చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అని మీరంతా తేలిగ్గా అనేస్తుంటారు. ఆ శంఖం బాధ నన్నడగండి. పాపం అనిపించేది. కోపమూ వచ్చేది.

భాద్రపదంలో ఒక ఆదివారం. ఎగువన రెండు రోజులుగా వానలు. మాకు మాత్రం ఎండ కాస్తోంది. ఏరు మామూలుకంటే తగ్గి, కొంచెం మడ్డిగా ఉంది. ఎప్పటిలాగే పాయ దాటి బండ ఎక్కారు. సాదిక్ చెప్పులు విప్పి బండ అంచున పెట్టాడు.

పదకొండు గంటలవేళ ఎగువనుంచి ఒక సన్నటి కూత వచ్చింది. గాలికి తెగుతూ, మళ్లీ అతుకుతూ వచ్చింది. రెండు మూడు మైళ్ల ఎగువన ఆనకట్ట ఉంది. గేట్లు ఎత్తేముందు ఏటి పొడవునా ఊళ్లలో సైరన్ వేస్తారు.

సాదిక్ మెడ తిప్పాడు. “అరె, ఏదో కూత ఇనవడ్తంది. సైరన్ గాదు కదా?”

“ఓదెలును అడుగు,” అన్నాడు భూమేశ్. “ఏందిరా అది, ఓదెలూ?”

ఇద్దరూ తనవైపు చూస్తున్నారని ఓదెలుకు తెలిసింది. ఏదో చప్పుడు గురించి అడుగుతున్నారనీ తెలిసింది. ఏ చప్పుడో తెలియలేదు. ఒక్క క్షణం ఆగి, “మిల్లు. బియ్యం మిల్లుది,” అన్నాడు.

ఆదివారం మిల్లు నడవదని ఆ ముగ్గురికీ తెలుసు. అయినా ఓదెలు చెప్పాడు కదా. ఇద్దరూ మళ్లీ ఏటివైపు తిరిగారు. నాకు నోరుండీ ప్రయోజనం లేకపోయింది.

అరగంట తర్వాత సాదిక్ మువ్వ మోగింది. వెంటనే భూమేశ్‌ది. ఆ వెంటనే నేను. మూడు కర్రలు ఒక్కసారి వంగాయి. ముగ్గురి ముఖాలూ వెలిగిపోయాయి. అటువంటి అదృష్టం వాళ్లకు ఎన్నడూ పట్టలేదు.

“మోసులు! మంద పడ్డది!” అని ఓదెలు గుసగుసలాడాడు. “పెద్దయి. మింగనియ్యిండ్రి. ఎవ్వలూ కదలద్దు.”

చేప లాగుడు నాకు తెలుసు. రవ్వ రెండుసార్లు పొడిచి ఆగుతుంది. మోసు రాస్తుంది, వదులుతుంది, మళ్లీ రాస్తుంది. ఏ చేపైనా ఆగుతుంది. ఇది ఆగడం లేదు. ఒకే బరువు, ఒకే వైపు, క్షణక్షణానికీ పెరుగుతోంది. ఇది నీళ్ల లాగుడు. అరవగలిగితే అరిచేదాన్ని. నేను చెయ్యగలిగింది మోగడమే. నేను ఎంత మోగితే వాళ్లు అంత బిగుసుకుని కూర్చున్నారు. వాళ్ల వీపుల వెనక పాయలో మోకాలి లోతు తొడల దాకా వచ్చింది.

సాదిక్ చెప్పులు రెండూ ముందునుంచి తేలిపోతూ కనిపించాయి.

“నా చెప్పులు!” అని లేవబోయాడు.

“కూసో! మోగంగ లేస్తవా?” అన్నాడు భూమేశ్.

నమ్మండి, సాదిక్ కూర్చున్నాడు. ఈత రాని మనిషి, చెప్పులు నీళ్లలో పోతుంటే కళ్లారా చూస్తూ, కట్టుబాటు కోసం కూర్చున్నాడు. కానీ ఒక నిమిషం పోయాక ఓదెలు మోకాలు పట్టుకుని గట్టిగా కుదిపాడు.

“ఓదెలూ, నా పానం మీద ఒట్టేసి చెప్పు. అది మోసేనా?”

ఈసారి ముఖం ఎదురుగా ఉంది కనుక ఓదెలుకు మాట అర్థమైంది. కుచ్చు వైపు చూశాడు. కుచ్చు వణుకు ఆపడం లేదు. చెయ్యి చాచి దారాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకున్నాడు. కాలిన మోటరుకు చుట్లు చుట్టే వేళ్లు అవి. ఆ వేళ్లకు ఒక్క క్షణం చాలు. అది చేప కాదు, నీళ్లని తెలిసిపోయింది.

గాలి అనొచ్చు. చేప తప్పించుకుందనొచ్చు. అలా చెప్పి నెమ్మదిగా లేపితే పరువు నిలిచేది, కాలం మాత్రం పోయేది. నాకు ఊపిరి లేదు గానీ, ఉంటే బిగబట్టి ఉండేదాన్ని.

“నాకు ఇనవడదురా,” అన్నాడు ఓదెలు. “ఏడాది సంది ఇనవడ్తలేదు. మీరిన్న కూత ఏందో నాకు తెల్వదు. లేవుండ్రి, లేవుండ్రి! నీళ్లొస్తున్నయి!”

వెనక్కి తిరిగేసరికి పాయ నడుము దాటి ఎర్రగా ఉరుకుతోంది. నా కర్రను పగులులోంచి పీకి, దారాన్ని కత్తితో తెంపాడు ఓదెలు. భూమేశ్ ముందు, సాదిక్ మధ్య, ఓదెలు చివర. ముగ్గురూ ఆ వెదురు కర్రను పట్టుకుని దిగారు. నాలుగడుగులు వేశాక భూమేశ్ కాలికింద గుంట తగిలింది. “ఆగుండ్రి!” అని అరిచాడు. సాదిక్ ఆగాడు. ఓదెలుకు వినపడలేదు, ముందుకు తోశాడు. సాదిక్ కాలు జారింది. తల మునిగింది. కర్ర వదిలేశాడు.

ఆ రెండు క్షణాలూ నేను మళ్లీ తలుచుకోను. ఓదెలు చెయ్యి నీళ్లలోకి పోయి చొక్కా కాలరు పట్టుకుంది. దర్జీ కుట్టుకున్న చొక్కా, కుట్టు తెగలేదు. పైకి లాగి, సాదిక్ రెండు చేతులూ తెచ్చి మళ్లీ కర్రకు అతికించాడు.

అప్పటికి భూమేశ్‌కు అర్థమైంది. అరవడం మానేశాడు. ఒకసారి కర్రను గట్టిగా కుదిపాడు, ఓదెలు ఆగాడు. రెండుసార్లు కుదిపాడు, ఓదెలు అడుగేశాడు. ఆగు, నడు. ఆగు, నడు. ఒడ్డున తుంగ చేతికందేదాకా అలాగే వచ్చారు. ఎక్కి తిరిగి చూస్తే బండ లేదు, రెండు కర్రలూ లేవు. ఎర్రటి నీళ్లు మాత్రం ఉన్నాయి.

భూమేశ్ భయంతో నవ్వుతున్నాడు, ఆపుకోలేకపోయాడు. సాదిక్ నీళ్లు కక్కుకుని, ఓదెలు వైపు తిరిగాడు.

“నీ చెవుల మీద బతికిన్రా నేను, ఇన్నేండ్లు,” అన్నాడు. “నీకు ఇనవడకుంటే మాకేం కాదురా. నువ్వు చెప్పకుంటేనే సచ్చేటోళ్లం.”

ఉత్త కాళ్లతో సైకిలు తొక్కుకుంటూ వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే నన్ను కర్రనుంచి విప్పి, కాలిన రాగి తీగల డబ్బాలో పడేశాడు. ఇప్పటికీ అందులోనే ఉన్నాను. తూకానికి పోయే సరుకు మధ్య రోజూ కూర్చుని ఎప్పుడు కరిగిపోతానో అని ఎదురుచూడడం సుఖంగా ఉండదు. నాకంటే అతనికి ఇంకా కష్టంగా ఉండేది. ఆరు ఆదివారాలు ఎవరూ రాలేదు. ఆరు ఆదివారాలూ దుకాణం తెరిచి, పని లేకపోయినా ఒకే మోటరు విప్పి మళ్లీ బిగించాడు.

ఏడో ఆదివారం పొద్దున గుమ్మం ముందు సైకిలు ఆగింది. సాదిక్. కాళ్లకు కొత్త చెప్పులు.

“ఓదెలూ,” అని పిలిచాడు. ఓదెలు వీపు గుమ్మం వైపుంది, తీగ చుడుతున్నాడు. “ఓదెలూ!” అని ఇంకా గట్టిగా పిలిచాడు. వీపు కదలలేదు. సాదిక్ గుమ్మంలోనే నిలబడి ఆ వీపును చూశాడు. ఇదే పిలుపును ఏడాది పాటు అతను ఎన్నిసార్లు పిలిచి ఉంటాడో, ఎన్నిసార్లు ఓదెలు లెక్కచెయ్యలేదనుకుని కోపం తెచ్చుకుని ఉంటాడో నాకు తెలియదు. లోపలికి వచ్చి, బల్ల చుట్టూ తిరిగి, ఓదెలు ముఖానికి ఎదురుగా నిలబడ్డాడు.

ఓదెలు చేతిలో తీగ ఆగింది.

“నీళ్లు తగ్గినయి,” అన్నాడు సాదిక్. “భూమేశ్ ఎర కలుపుతుండు. మువ్వలద్దు. దారం వేలికి సుట్టుకుందాం. పా.”

బయట పోతున్న లారీ హోరులో, అతనికి మిగిలిన ఆ కాస్త వినికిడీ మునిగిపోయింది. ఓదెలు అతని పెదాల వైపు చూశాడు, అందలేదు. పాత ఓదెలైతే తల ఊపేసేవాడు. ఇప్పుడు ఊపలేదు. ఏడాదిపాటు ఎవరినీ అడగని మాట అడిగాడు.

“ఇనవడలేదురా. మళ్లొక్కసారి చెప్పు.”

సాదిక్ స్టూలు లాక్కుని కూర్చుని, లారీ పోయేదాకా ఆగి, మొదటినుంచీ మళ్లీ చెప్పాడు.