అత్తయ్య ఎంచుకున్న గొంతు

అత్తయ్య గొంతులోంచి స్వరపేటిక మొత్తం తీసెయ్యాలని డాక్టరు చెప్పిన రోజు మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. ఏ ఫోను కొనాలా అని దెబ్బలాడుకున్నారు.

ఏడవడం చేతకాని మగవాళ్ళు ఇద్దరున్న ఇంట్లో అంతే. ఆవిడకి పెద్దకొడుకు మా ఆయన, ఐఫోన్ మనిషి. చిన్నకొడుకు మా మరిది, ఆండ్రాయిడ్ మనిషి. ఈ రెండు మతాలూ చాలా కాలంగా మా భోజనాల బల్ల మీద వేరు వేరు ఛార్జర్లతో కాపురం చేస్తున్నాయి. అన్నగారి ఫోనుకి మరిది ‘కోట’ అని పేరు పెట్టాడు. చుట్టూ గోడ, లోపలికి ఏది రావాలన్నా కాపలావాడు సరేననాలి. మా ఆయన ఊరుకుంటారా, తమ్ముడి ఫోనుకి ‘సంత’ అని పెట్టారు. ఎవరైనా రావచ్చు, ఏదైనా అమ్ముకోవచ్చు, మన జేబు మనం చూసుకోవాలి.

ఆపరేషన్ తర్వాత అత్తయ్య ఫోనులో టైపు చేస్తే ఆ మాటల్ని ఫోనే పైకి చదువుతుంది. అందుకని ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీల మీద కూర్చుని ఇద్దరూ మొదలుపెట్టారు.

“అమ్మకి కోటే నయం రా. ఒకసారి నేర్చుకుంటే ఏళ్ళ తరబడి అదే తీరు. మధ్యలో ప్రకటనలు ఎగిరి రావు.”

“ఆ డబ్బుతో మూడు సంత ఫోన్లొస్తాయి అన్నయ్యా. ఒకటి ఇంట్లో, ఒకటి కొట్లో, ఒకటి కింద పడేసుకోడానికి.”

“రెండేళ్ళకి మూలపడతాయి మూడూ.”

“నీది మూలపడదులే. అందులో ఒక్క బటన్ జరపాలన్నా వాళ్ళ దయ ఉండాలి.”

“వదినా, నువ్వు చెప్పు,” అన్నాడు మరిది నా వైపు తిరిగి. ఎవరి వైపు మాట్లాడినా రాత్రి భోజనంలో ఎవరో ఒకరు అలుగుతారని నేను మందుల చీటీ చదువుతున్నట్టు నటించాను. అమ్మ సొంత గొంతునే ముందుగా రికార్డు చేసి ఫోనులో పెట్టుకోవచ్చునేమో అని కూడా వెతికారు. ఆ సదుపాయం మన భాషకి ఇంకా రాలేదట. ఆ ఒక్క విషయంలో కోటా సంతా సమానమే.

నర్సు వచ్చి, గట్టిగా మాట్లాడకండని కసిరి వెళ్ళింది. గదిలో, గట్టిగా మాట్లాడే అవకాశం ఇంకా కొన్నాళ్ళే మిగిలిన మనిషి గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నారు.

అత్తయ్యకి గుండీల కొట్టుంది. మావయ్య పోయాక ఆవిడే నడుపుతున్నారు. సన్నగా రైలుపెట్టెలాగా ఉండే గది. రెండు గోడల నిండా చిన్న చిన్న చెక్క సొరుగులు, లోపల ఏ గుండీ ఉందో తెలియడానికి ప్రతి సొరుగు ముందూ అదే రకం గుండీ ఒకటి దారంతో కుట్టి ఉంటుంది. దారాలు, జిప్పులు, హుక్కులు, లేసులు. ఎత్తు స్టూలు మీద కూర్చుని, గుమ్మం దాటబోతున్న మనిషిని వెనక్కి రప్పించగల గొంతు ఆవిడది. “ఏమ్మా, ఆ రంగు నీ గుడ్డకి కలవదు. ఇలా వెలుతురులోకి తెచ్చి చూడు” అంటే, కొనేసి డబ్బిచ్చిన వాళ్ళు కూడా వెనక్కి వచ్చి చూసేవారు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ. ఊపిరి అక్కడినుంచే. నోరు తినడానికి మాత్రమే మిగిలింది.

ఇంటికొచ్చాక కొడుకులిద్దరూ ఒక్క మాట మీదకి వచ్చారు. అలా రావడం అరుదు కనుక నేను చెయ్యి తుడుచుకుని మరీ వచ్చి విన్నాను. కొట్టు అద్దెకిచ్చేద్దామన్నారు. పక్కనే ఫోను కవర్లు అమ్మే ఆయన ఎప్పటినుంచో అడుగుతున్నాడు.

“మాట లేకుండా బేరం ఎలా ఆడతావమ్మా?” అన్నారు మా ఆయన. అనునయంగానే అన్నారు. జవాబు రాదని తెలిసిన చోట అందరం అనునయంగానే మాట్లాడతాం.

అత్తయ్య పలక తీసుకుని పెద్ద అక్షరాలతో రాశారు: కొట్టు తెరుస్తాను. కింద గీత కూడా గీశారు.

సరే, ఫోనుతో నెగ్గుకొస్తే చూద్దాం, లేకపోతే అద్దెకే, అని ఒప్పందం కుదిరింది. తోడుగా నేను వెళ్ళాలి. ఇంట్లో ఊరికే కూర్చునే మనిషిని నేనే కదా.

ముందు కోట వంతు. పెద్దకొడుకు కొన్నది కనుక దానికి పెద్దరికం. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు. పొద్దుట తెరిస్తే సాయంత్రం దాకా నిలిచింది, ఎక్కడా ఆగలేదు, అనవసరమైనది ఏదీ చూపించలేదు. అందులోని గొంతు పాతికేళ్ళ అమ్మాయిది. స్పష్టంగా, మర్యాదగా, వానలు పడతాయని చెప్పినా ఎండలు కాస్తాయని చెప్పినా ఒకేలా చెప్పే గొంతు.

చిక్కల్లా బేరంలో వచ్చింది. మా కొట్టుకి ఏళ్ళుగా వచ్చే దర్జీ ఒకాయన ఉన్నారు. ఏ ధర చెప్పినా “ఇంకో మాట చెప్పండి” అంటారు కనుక ఆయన పేరే ఇంకోమాట అయిపోయింది. ఆ రోజు ఆయన కోటు గుండీలు అడిగారు. అత్తయ్య ఒక వేలితో టైపు చేశారు. ఫోను ధర చెప్పింది.

“ఇంకో మాట చెప్పండి,” అన్నారాయన, నాతో.

అత్తయ్య టైపు చేస్తున్నారు. ఆయన ఆగారు, దగ్గారు, సొరుగుల వైపు చూశారు. “ఏమంటారమ్మా ఆవిడ?” అన్నారు, మళ్ళీ నాతోనే.

“ఆవిడ ఎదురుగానే ఉన్నారు కదండీ, ఆవిడనే అడగండి.”

“అడుగుదును గానీ, ఇబ్బంది పెట్టినట్టవుతుందేమో,” అని చెప్పిన ధరే ఇచ్చి వెళ్ళిపోయారు. ఆయన గుమ్మం దాటాక ఆ అమ్మాయి గొంతు తియ్యగా అంది: “అంతకన్నా తగ్గదు.”

ఇంకోమాట ఒక్క రూపాయి తగ్గించమనకుండా వెళ్ళడం నేను ఎన్నడూ చూడలేదు. అత్తయ్య ముఖం చూస్తే ఆ రోజు ఓడిపోయింది ఆవిడే.

ఇంట్లో మాత్రం ఆ గొంతుకి అందరం అలవాటుపడ్డాం. “అమ్మాయ్, పాలు పొంగుతున్నాయి” అని హాల్లోంచి వినబడితే మొదట్లో ఎవరో చుట్టాలొచ్చారనుకుని జుట్టు సర్దుకుని వచ్చేదాన్ని. తర్వాత నేరుగా స్టవ్ దగ్గరికే పోయేదాన్ని. ఒక సాయంత్రం మా ఆయన కంప్యూటర్ ముందు కూర్చుని ఉండగా ఆ గొంతు “ఏరా, కాఫీ తాగుతావా?” అంది. ఆయన తల తిప్పకుండానే “ఆఁ, వస్తున్నానమ్మా,” అన్నారు. అత్తయ్య ఫోను ఒళ్ళో పెట్టుకుని ఆయన వీపు వైపు చాలాసేపు చూశారు.

మర్నాడు కోట బీరువాలోకి వెళ్ళింది. పలక మీద రాశారు: చిన్నవాడి ఫోను తెమ్మను.

టైపు చెయ్యడం ఆలస్యమవుతోందని కాబోలు అనుకున్నాను. మరిది గెలిచిన ముఖంతో వచ్చాడు. సంతలో మనకి కావలసినట్టు కట్టుకోవచ్చు, అది నిజం. తెర నిండా పెద్ద పెద్ద రంగు బటన్లు పెట్టాడు. ఒకటి నొక్కితే “అంతకన్నా తగ్గదు”, ఇంకొకటి నొక్కితే “వెలుతురులో చూడు”, మరొకటి “ఇంకో రకం ఉంది, ఆగు”. అవతలి మనిషి నోరు మూసేలోపే జవాబు.

సంతకుండే రోగాలు కూడా వెంటే వచ్చాయి. బేరం మధ్యలో ఫోను తనని తాను బాగుచేసుకుంటానని అనుమతి అడిగింది. ఎవరూ పిలవని చెప్పుల ప్రకటన తెర మీదకి వచ్చి కూర్చుంది. మధ్యాహ్నానికి బ్యాటరీ నీరసించింది.

“చూశావా? సంత,” అన్నారు మా ఆయన తృప్తిగా.

“సంతలో గొంతులు కూడా బోలెడు దొరుకుతాయి,” అన్నాడు మరిది. తల్లి పక్కన కూర్చుని ఒక్కొక్కటే వినిపించాడు. సన్నటిది, కాస్త నిండైనది, పాఠం చెప్పేలాంటిది. అత్తయ్య అన్నీ విన్నారు. ఫోను తన చేతిలోకి తీసుకుని, జాబితాలో చివరికి వెళ్ళి ఒకటి నొక్కారు.

యాభై దాటిన మగగొంతు. కాస్త బొంగురు. కోర్టు నోటీసు చదివే మనిషిలా ఉంది.

అందరం పగలబడి నవ్వాం. “పొరపాటున నొక్కావమ్మా, ఉండు మారుస్తాను,” అని మరిది చెయ్యి చాపాడు. ఆ చేతి మీద ఒక్కటి వేశారు. ఆవిడ నవ్వడం లేదు.

దీని మర్మం నాకు ఆ వారంలోనే తెలిసిపోయిందనుకున్నాను. జిప్పులు పంపడానికి నెలల తరబడి తిప్పుతున్న టోకు వ్యాపారి గుమాస్తాకి అత్తయ్య కొట్టు నంబరు నుంచి ఫోను చేయించి, ఈ ఫోను దాని పక్కన పెట్టారు. “సరుకు ఎప్పుడు పంపుతారు?” అంది బొంగురు గొంతు.

“రేపే సార్. తప్పకుండా సార్.”

ఆ రాత్రి వంటింట్లో నేను అత్తయ్య చెవి దగ్గర చేరాను. “ఇన్నేళ్ళూ ఒక్క మీసం లేకపోబట్టి కదా అత్తయ్యా, అంత అరవాల్సొచ్చింది మీరు!” ఆవిడ భుజాలు ఊగాయి. ఇప్పుడు ఆవిడ నవ్వు అదే, చప్పుడు లేనిది. కానీ కాదన్నట్టు తల ఊపారు.

ఆదివారం కొడుకులిద్దరూ కొట్టుకొచ్చారు. బేరాలు నడుస్తున్నాయని ఒప్పుకోక తప్పలేదు. ఇంకోమాట మళ్ళీ ఎప్పటిలాగే కౌంటరు మీద చెయ్యి కొట్టి, అత్తయ్యతోనే గీచిగీచి బేరమాడుతున్నారు. ఆ గొంతు విని మొదటి రోజు కౌంటరు వెనక్కి తొంగి చూసిన మాట నిజమే గానీ, అక్కడ మగమనిషెవరూ లేరని తేలాక ఆవిడ ముఖం చూడక తప్పలేదు ఆయనకి.

“కొట్టు సంగతి తర్వాత. ముందు ఆ గొంతు మార్చమ్మా,” అన్నారు మా ఆయన. “జనం ఏమనుకుంటారు?”

“అన్నయ్యా, ఇందులో ఆడగొంతులు కూడా మంచివున్నాయి.”

“మన కోట గొంతే ఇందులోకి రాదట్రా?”

“రాదు. గోడ దాటదు.”

మా ఆయన స్టూలు దగ్గరికి వెళ్ళి, గొంతు తగ్గించి అన్నారు: “ఆ అమ్మాయి గొంతు నీకు బాగా నప్పిందమ్మా. నాకైతే నువ్వే పిలిచినట్టుండేది.”

ప్రేమతోనే అన్నారు. అత్తయ్య ఫోను తీసుకుని టైపు చెయ్యడం మొదలుపెట్టారు. ఒక వేలు. బటన్లలో లేని మాటలు. కొనడానికి వచ్చిన అమ్మాయి కూడా లేసు చేతిలో పట్టుకుని అలాగే నిలబడింది. చివరికి నొక్కారు. ఎక్కడా చుక్కలు పెట్టకపోవడం వల్ల ఆ గొంతు ఊపిరి తిప్పుకోకుండా చదువుకుంటూ పోయింది:

“అదేరా నా భయం ఆ పిల్ల పిలిస్తే తలెత్తకుండా వస్తున్నానమ్మా అన్నావు ఇంకో ఏడాదికి నా గొంతు ఎలా ఉండేదంటే దాన్నే చూపిస్తావు దీన్ని ఎవరూ నేననుకోరు నా గొంతు ఉన్న చోటు ఖాళీగా ఉంటుంది ఉండనీ”

లేసు పట్టుకున్న అమ్మాయి దాన్ని నెమ్మదిగా కౌంటరు మీద పెట్టింది.

మా ఆయన సొరుగుల వైపు తిరిగి ఒక గుండీని వేలితో తిప్పుతూ నిలబడ్డారు. ఎవరితోనో తెలియకుండా అన్నారు: “అమ్మ ‘ఏరా’ అంటే చివర పైకి లేచేది.”

“లేదు,” అన్నాడు మరిది. “కిందికి దిగేది. కోపమొస్తేనే పైకి.”

“నీ మీద ఎప్పుడూ కోపమే కనుక నీకు తెలియదు. మామూలుగా కూడా పైకే.”

“ఏరా,” అని పలికి చూపించాడు మరిది.

“అలా కాదు. ఏరా.”

“అది నాన్నది అన్నయ్యా.”

ఆసుపత్రి వరండాలో ఫోన్ల గురించి దెబ్బలాడుకున్న పట్టుదలతోనే దెబ్బలాడుకుంటున్నారు. ఎవరిది ఒప్పో చెప్పగలిగిన మనిషి అక్కడ ఒక్కరే. ఆవిడ మెడ దగ్గరి గుడ్డ సర్దుకుని, ఫోను బోర్లించి, ఇద్దరి నోళ్ళనీ మార్చి మార్చి చూస్తూ వింటున్నారు. నాకూ ఒక ‘అమ్మాయ్’ గుర్తుంది, మొదట్లో అనుమానం, చివర్లో పని ఉండేది. దాన్ని పైకి పలకలేదు, నా దగ్గరే ఉంచుకున్నాను.

కొట్టు అద్దెకిచ్చే మాట ఎవరూ ఎత్తలేదు. లేసు అమ్మాయి “ఇది ఎలా ఇస్తారండీ?” అని అడిగితే, దారికి అడ్డంగా నిలబడ్డ కొడుకులిద్దరూ చెరో పక్కకి జరిగారు.