మిద్దెతోట డ్యూటీ

తోటపని చేస్తే మనశ్శాంతి కలుగుతుందని ఎవరు కనిపెట్టారోగానీ, ఆ మహానుభావుడు నాకొకసారి దొరికితే బాగుండును. మా మిద్దె ఎక్కించి, తెల్లదోమ పట్టిన వంగమొక్క ముందు కూర్చోబెట్టి, చేతికి బీపీ పట్టీ చుట్టేవాణ్ణి. అప్పుడు తెలిసేది ఆయనకు, శాంతి ఎంత ఎత్తుకు పోతుందో.

నా పేరు నరహరి. గూడ్సు బండ్లు నడిపే లోకో పైలట్‌ని. సొంతూరు జనగామ పక్కనే అయినా ఉద్యోగమంతా సూరత్‌లోనే గడిచింది. బొగ్గు, సిమెంటు, ఉప్పు, వెనక ఏది తగిలించినా లాక్కెళ్ళి దించి వచ్చాను. అలాంటివాణ్ణి దీపావళి తర్వాత రైల్వే మెడికల్‌లో ఆపేశారు. కళ్ళు బాగున్నాయట, చెవులు బాగున్నాయట, బీపీ మాత్రం మాత్రలు మింగుతున్నా దిగడం లేదట. ఉత్తరాయణ్ పండగ, అంటే మన సంక్రాంతి, వెళ్ళగానే మళ్ళీ రమ్మన్నారు. అప్పటికీ దిగకపోతే నన్నే ఇంజను దింపేస్తారు. లాబీలో కుర్చీ వేసి, డ్యూటీకొచ్చే కుర్రాళ్ళ చేత సంతకాలు పెట్టించే పని ఇస్తారు. ఇన్నేళ్ళు ముందద్దంలోంచి పట్టాలు చూసినవాడికి ఇకమీదట గోడ చూసుకోమంటే ఎలా ఉంటుంది? నాకు భయం వేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, చాలా భయం వేసింది.

మా వీధి చివర ఇందుజ అని తెలుగు డాక్టరమ్మ ఈ మధ్యే క్లినిక్ పెట్టింది. చిన్నపిల్లే, కానీ మంచి హస్తవాసి. మా ఆవిడ కమలాకుమారి షుగర్‌కి అక్కడే చూపించుకుంటుంది.

"మాత్రలు మానొద్దు అంకుల్. వాటితోపాటు రోజూ కాసేపు మొక్కల్లో పనిచెయ్యండి. మట్టి ముట్టుకుంటే మనసు తేలికవుతుంది, ఒంటికి వ్యాయామం కూడా. ఆంటీని కూడా తీసుకెళ్ళండి," అంది ఇందుజ.

నేను దేనికైనా దిగితే సగం సగం దిగే మనిషిని కాను. మాది ఉధ్నాలో నాలుగో అంతస్తు, ఆ పైన మిద్దె. మా బిల్డింగు సొసైటీ ఛైర్మన్ దినేశ్‌భాయ్‌ని అడిగి ఒక మూల తీసుకున్నాను. మట్టి, పేడ ఎరువు, నారు, విత్తనాలు, గుడ్డ సంచులు అన్నీ తెప్పించాను. పావురాలకు బాజ్రా గింజలు చల్లడానికి వచ్చే ముసలమ్మలు తలుపు బార్లా తీసి పోతున్నారని దానికి తాళం కూడా కొన్నాను. ఒక తాళంచెవి నా దగ్గర, ఇంకొకటి కమల దగ్గర. నేను లేచేలోపు నీళ్ళు పెట్టేది ఆమే కదా.

ఇంజనులో మాకొక పద్ధతి ఉంది. సిగ్నల్ కనపడగానే అసిస్టెంటు పైకి అంటాడు, పైలట్ అదే మాట తిరిగి అంటాడు. రెండు నోళ్ళూ ఒకటైతేనే బండి భద్రం. తోటకీ అదే పద్ధతి పెట్టాను. నేను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంటాను. కమల మొక్క మొక్క దగ్గరా వంగి చూస్తుంది.

"టమాట, పురుగు లేదు!" అంటుంది.

"టమాట, పురుగు లేదు!" అంటాను.

"గోంగూర, నీళ్ళు పెట్టిన!"

"గోంగూర, నీళ్ళు పెట్టినం!"

తవ్వడం, సంచులు జరపడం, కింది నుంచి బక్కెట్లు మోయడం ఇలాంటి చిల్లర పనులన్నీ అసిస్టెంటువి. బాధ్యత మొత్తం పైలట్‌ది. బాధ్యత ఎంత బరువో మోసినవాడికే తెలుస్తుంది.

"జర లేచి గీ మట్టి సంచి ఒక చెయ్యి పట్టరాదూ?" అని ఒకరోజు కమల అడిగింది.

"నేను బీపీ చూసుకుంటున్న కమలా. ఇప్పుడు లేస్తే లెక్క తప్పొస్తది," అన్నాను. అబద్ధం కాదు. మిషను అప్పటికే చేతికి చుట్టి ఉంది.

రెండు నెలలు తిరిగేసరికి తోటపని గుణం కనిపించింది. కాకపోతే మనిషి మారింది. కమలకి షుగర్ దిగింది, ఇందుజ ఆమెకు ఒక మాత్ర తీసేసింది. మోకాళ్ళ నొప్పుల తైలం సీసా మూత తియ్యక ఎన్నాళ్ళయిందో. పొద్దున్నే కూనిరాగం తీస్తూ మెట్లెక్కుతోంది. కింది ఇళ్ళ గుజరాతీ ఆడవాళ్ళు 'కమలాబెన్' అంటూ వచ్చి గోంగూర పట్టుకుపోతున్నారు. వాళ్ళు దాన్ని అంబాడీ అంటారట, జొన్నరవ్వ వేసి వండుతారట. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె ఇంత నవ్వడం నేను చూడలేదు. ప్లాను నాది, ఆరోగ్యం ఆమెది. ఇదేం న్యాయమో నాకు అర్థం కాలేదు.

నా సంగతి చెప్పాలా? టమాట ఆకు ముడుచుకుంటే నిద్ర పట్టేది కాదు. పావురం వాలితే గుండె దడ. పక్క బిల్డింగు వాళ్ళ మిద్దె మీద బీరతీగ మా దానికంటే పైకి పాకిందని చూసిన రోజు మిషను నూట డెబ్బై చూపించింది. మొక్కలు బాగుంటేనే బీపీ దిగుతుంది, బీపీ దిగితేనే ఇంజను. ఈ లెక్క నా బుర్రలో పొద్దస్తమానం తిరిగేది.

"ఇవి చెట్లా, మీ మెడికల్ డాక్టర్లా? జర ఇడిసిపెట్టుండ్రి," అంది కమల.

"నువ్వు ఊకో. నీకేం, షుగర్ దిగె," అన్నాను. ఆమె బక్కెట్టు తీసుకుని కిందికి పోయింది.

ఇంతలో ఉత్తరాయణ్ వచ్చిపడింది. ఆ రెండు రోజులు సూరత్‌లో ఎవరూ ఇంట్లో ఉండరు. ఊరంతా మిద్దెల మీదే. పతంగులు, స్పీకర్లు, ఊంధియు కూర గిన్నెలు, చిక్కీలు, అరుపులు. ఆ సంగతి నాకు తెలియక కాదు. తెలిసే ముందురోజే తాళం లాగి చూసుకుని, తాళంచెవి చొక్కా జేబులో వేసుకున్నాను. ముందు ఎర్రసిగ్నల్ ఉన్నప్పుడు బండి కదలకూడదు, అంతే. పండగనాడు మిద్దెకి తాళం వేసినవాడు సూరత్ చరిత్రలో నేనొక్కణ్ణేనని తర్వాత దినేశ్‌భాయ్ అన్నాడు. ఆయన దాన్ని పొగడ్తగా అనలేదు.

పొద్దున్నే తలుపు కొట్టారు. దినేశ్‌భాయ్, వెనక ముగ్గురు నలుగురు, చేతుల్లో పతంగుల దారం చుట్టిన చరఖాలు.

"నరహరిభాయ్, చావీ?" అన్నాడాయన చెయ్యి చాపి, నవ్వుతూ.

"నహీ మిలేగా," అన్నాను.

ఆయన మళ్ళీ నవ్వాడు, తమాషా చేస్తున్నాననుకున్నాడు. కాదని తెలిశాక గొంతు మారింది. నేనూ తగ్గలేదు. మిద్దె అందరిదంటే ఆ మూల నాది అన్నాను. మూల నీదైతే దారి మాది అన్నాడు. పక్క ఇల్లు, కింది అంతస్తు అన్నీ తలుపులు తీశాయి. మాటకి మాట పెరుగుతోంది, నా చెవుల్లో హారన్ మోగుతోంది. మిషను చుట్టుకుంటే పగిలిపోయేదేమో.

అప్పుడు పైనుంచి స్పీకర్ మోత వినిపించింది. పతంగు తెగినప్పుడల్లా 'లపేట్, లపేట్' అని కేకలు. పిల్లల పరుగులకి కప్పు అదురుతోంది. మా వాదం వినడానికి ఆగనివాళ్ళంతా అప్పటికే మిద్దె మీద ఉన్నారు. దినేశ్‌భాయ్ నా ముఖం చూసి, నా జేబు చూసి, చరఖా సర్దుకుని పైకి పోయాడు.

ఎలా ఎక్కానో తెలియదు. మూలకి వెళ్ళి చూస్తే తోట లేదు. టమాట సంచులు పక్కకి దొర్లి ఉన్నాయి. గోంగూర మీద ఎవరో చాప పరుచుకున్నారు. వంగమొక్కలకి మాంజా దారం చుట్టుకుని కాడలు తెగి వేలాడుతున్నాయి. గుండె ఆగిపోతుందనే అనుకున్నాను, గోడ పట్టుకుని నిలబడి దానికోసం ఎదురు చూశాను. ఆగలేదు. మెల్లగా కిందికి దిగి పడుకున్నాను. చూసుకోవడానికి ఇక ఏ ఆకూ లేదు. సాయంత్రం దాకా లేవలేదు. ఆ రాత్రీ, మర్నాడు వాసీ ఉత్తరాయణ్ అనే రెండో రోజు పండగ గోలలోనూ అలాగే నిద్రపోయాను. ఎన్ని నెలల నిద్రో.

మెడికల్‌లో పట్టీ చుట్టిన డాక్టరు ఒకసారి చూసి, నమ్మలేక రెండోసారి చూశాడు. నూట ఇరవై ఎనిమిది. "ఏం చేశారు?" అన్నాడు. "తోటపని సర్," అన్నాను. ఫిట్ అని రాసిచ్చాడు.

ఇందుజ అయితే కుర్చీలోంచి లేచింది. "చూశారా అంకుల్! నేను చెప్పానా? ఇకమీదట ప్రతి పేషెంటుకీ మీ పేరే చెబుతాను," అంది. లాబీలో కుర్రాళ్ళు గుడ్డ సంచులు ఎక్కడ దొరుకుతాయని అడిగారు. నేను ఎవరినీ నిరాశపరచలేదు. మట్టి వాసన గురించి, ఓపిక గురించి నాలుగు ముక్కలు చెప్పాను.

మిఠాయి పట్టుకుని ఇంటికొచ్చాను. కమల పీట మీద కూర్చుని, విరిగిన గోంగూర కాడల్లో పనికొచ్చే ఆకు ఏరుతోంది. ఫిట్ కాగితం చూపించాను. రెండు చేతులతో తీసుకుని కళ్ళకద్దుకుంది.

"అంతా బాగయింది. పండగనాడు నీ దగ్గర తాళంచెవి గుంజుకున్నోడు ఎవడో చెప్పు, రేపు వాని సంగతి చూస్త," అన్నాను.

"ఎవ్వలు గుంజుకోలె. నేనే ఇచ్చిన."

"అడిగితే ఇచ్చేస్తవా?"

"అడగలె. మీరు తలుపుకాడ దినేశ్‌భాయ్‌తోని కొట్లాడుతుంటే, వంటింటి తలుపుల నుంచి వెనక మెట్ల మీదికి పోయి, ఇంటింటికీ చెప్పి నేనే అందర్ని పైకి పిలిచిన. మీ ముఖం జూస్తే గా పొద్దు పాణం పోతదనిపిచ్చింది. చెట్లు ఉన్నన్ని దినాలు మీరు ఇంజను ఎక్కరు."

బక్కెట్లు మోసిన చేతులు ఆమెవి. ఆ మొక్కల మధ్య నవ్విన మనిషి ఆమె. వాటి మీదికి ఊరిని పిలిచిందీ ఆమే. ఆమె కళ్ళు వాచి ఉన్నాయని అప్పుడు చూశాను. రెండు రోజులుగా ఆమె ఏడుస్తూనే ఉందని, నేను హాయిగా నిద్రపోయానని కూడా అప్పుడే తెలిసింది.

"మళ్ళ పెడదాం కమలా," అన్నాను.

"పెడత. కని మీరు పైకి రావొద్దు," అంది తలెత్తకుండా.

సాయంత్రం కొత్త మట్టి సంచులు కొని తెచ్చాను. లిఫ్టు దిగాక ఒక్కొక్కటే భుజాన వేసుకుని, మెట్లు ఎక్కి, మిద్దె తలుపు బయట దించాను. నా జన్మలో మొదటిసారి మట్టి మోశాను, నడుము విరిగింది. తలుపు తీసే ఉంది. అవతల కమల ఒక్కతే మొక్కలు సరిచేస్తూ కనిపించింది. రమ్మంటుందేమోనని పై మెట్టు మీద కూర్చున్నాను.

ఆమె వచ్చి సంచులు ఒక్కొక్కటే లోపలికి లాక్కుంది. నన్ను రమ్మనలేదు.