తురకాయన వచ్చేశాడు

ఖర్మ కాకపోతే, ఒక్క మాటకి మనిషి ఇనుప గదిలో ఇరుక్కుంటాడా? సింహాచలం ఇరుక్కున్నాడు. సింగపూర్‌లో, తువాస్ ఓడల యార్డులో, మరమ్మతుకొచ్చిన ఓడ అడుగున, మూత బిగించేసిన నీళ్ల ట్యాంకులో. పక్కన ఆ ఓడ ఇంజనీరు. నాలుగింటికి పరీక్ష కోసం ట్యాంకులోకి సముద్రపు నీళ్లు వదులుతారు. ఇప్పుడు మూడూ ఇరవై.

మూత దగ్గర కాపలా సింహాచలానిదీ, దానయ్యదీ. ఇద్దరిదీ శ్రీకాకుళమే. "తురకాయన లోపలున్నాడు. ఆయన పైకొచ్చాకే మూతెయ్యి" అని దానయ్యకి చెప్పాడు సింహాచలం. ఇంజనీరుది టర్కీ అని ఫోర్‌మన్ అన్నాడు మరి. దానయ్య బోల్టులు తేవడానికి వెళ్లాడు. అంతలో లైటు పట్టమని ఇంజనీరు కేకేస్తే, రెండు నిమిషాలే కదా అని, లోపలికి దిగేవాళ్ల పేర్లు రాసే పుస్తకంలో ఆయన పేరూ తన పేరూ రాయకుండానే దిగిపోయాడీ మహానుభావుడు. నిచ్చెన దగ్గర బంగ్లాదేశ్ పెయింటర్ రఫీక్ పైకెక్కుతూ ఎదురయ్యాడు. కాసేపటికి పైన వెలుతురు పోయింది. బోల్టులు బిగుస్తున్న చప్పుడు.

అరిచారు. పైన ఓడకి పట్టిన తుప్పు రాలగొడుతున్న మోతలో ఎవడికి వినబడుద్ది? ఫోన్లో సిగ్నల్ లేదు.

అప్పుడు వెలిగింది సింహాచలానికి. ఊళ్లో తురకంటే సాయిబే. రఫీక్‌ని చూసి, తురకాయన వచ్చేశాడనుకున్నాడు దానయ్య! సింహాచలం ఎటో పోయాడనుకునుంటాడు. "ఓరి నా నోరు పడిపోనూ" అని తల బాదుకున్నాడు. వచ్చీరాని ఇంగ్లీషులో సంగతి చెప్పాడు.

ఇంజనీరు నవ్వాడు. ఆయన సింహాచలం కంటే నలుపు. ఇంత నల్లటాయన టర్కీవాడేమిటని నిన్న వెనకాల నవ్వుకున్నవాడే సింహాచలం.

"మా ఊళ్లో నన్ను అరబ్ అంటారు. అరబ్ దేశం నేను చూడనే లేదు" అన్నాడాయన. "సుల్తానుల కాలంలో మా ముత్తవ్వని సూడాన్‌లో ఎత్తుకొచ్చారు. ఓడ అడుగున పడేసి, మూతేసి, ఇజ్మీర్‌లో అమ్మారు. తొమ్మిదేళ్ల పిల్ల. నల్లగా ఉంటే చాలు, మావాళ్లకి అరబ్బే. ఆవిణ్ణీ చచ్చేదాకా అలాగే పిలిచారు. అసలు పేరేంటో మా ఇంట్లో ఎవరికీ తెలీదు."

సింహాచలం స్పానర్ తీసి గోడ మీద కొట్టడం మొదలెట్టాడు. చేతులు బొబ్బలెక్కినా ఆపలేదు. మధ్యాహ్నం ఊరినించి పెళ్లాం అంకమ్మ ఫోన్ చేస్తే, పనిలో ఉన్నానని విసుక్కుని పెట్టేశాడు. అదే ఆఖరి మాటయిపోతుందేమోనని ఏడుపొచ్చింది.

మూడూ యాభై. పైన మోత ఆగిపోయింది. నీళ్లు వదిలేముందు అందర్నీ పంపించేస్తారు. ఇద్దరూ కలిసి దబదబా బాదారు.

గాలి గొట్టంలోంచి దానయ్య గొంతు దిగింది. "ఎవుర్రా లోపల? తురకాయన వచ్చేశాడు గదా!"

"నేన్రా, సింహాచలాన్ని! నీళ్లు ఆపించు! నాతోపాటు..."

మళ్లీ అదే మాట నోటిదాకా వచ్చింది. నాలిక కరుచుకున్నాడు. రెండ్రోజులుగా ఆయన బ్యాగు మోశాడు, ఆయన సిగరెట్లు కాల్చాడు. పేరు మాత్రం అడగలేదు.

"సార్, వాట్ నేమ్?"

ఆయన ఇటు తిరిగాడు.

"జెకీ."

"జెకీ గారున్నారు!" గొంతు చించుకున్నాడు సింహాచలం. "ఇద్దరం! పుస్తకంలో రాయరా, సింహాచలం, జెకీ!"

"సింహాచలం. జెకీ" అని పైనించి దానయ్య తిరిగి చదివాడు.

జెకీ గారు గోడకి ఆనుకుని, రెండు చేతుల్లో మొహం దాచుకున్నారు.