మోగకూడని అగాథ

మా లిటిల్ పడక్ పేరుకు తగ్గ ఊరు. మధ్యాహ్నం పడకేసిందంటే టీ వేళకు గానీ లేవదు. ఊరంతా పడుకున్నా నిలబడి ఉండేది చర్చి గోపురం ఒక్కటే. అందులో ఆరు గంటలున్నాయి. గడియారం గంటలు కాదు, కంచు గంటలు. అన్నిట్లోకీ పెద్దదాని పేరు అగాథ. దూడంత ఉంటుంది, గొంతు మాత్రం ఎద్దుది.

మా ఊళ్ళో గంట కొట్టడమంటే తాడు లాగి, టంగుమనిపించి, చేతులు దులుపుకోవడం కాదు. లాగితే గంట తల్లకిందులుగా గిర్రున తిరుగుతుంది. తాడు సర్రున పైకి పోతుంది. సరిగ్గా ఆ క్షణానికి చేతులు వదలాలి. వదలని వాణ్ణి తాడు తనతో తీసుకుపోయి, పైకప్పుకు పరిచయం చేసి మరీ దింపుతుంది.

గంటలు నేర్పే డెస్మండ్ గారు ఆ శనివారం మధ్యాహ్నం, "అగాథని మాత్రం ముట్టుకోకండి" అని చెప్పి టీకి వెళ్ళారు. చెప్పకుండా వెళ్ళుంటే బాగుండేది. పదేళ్ళ ఇమొజెన్ ముట్టుకోలేదు. ఏడేళ్ళ తమ్ముడు రూఫస్ ముట్టుకోవడమేమిటి, వేలాడాడు.

"వదలరా!" అని అరిచింది ఇమొజెన్.

"వదిలితే పడిపోతానే!"

వాడు పైకి లేస్తుంటే అక్క వాడి కాళ్ళు పట్టుకుంది. పైన అగాథ 'భోం' అంది. మామూలు పిల్లలు కాలు జారి పడతారు. వీళ్ళిద్దరూ కాలం జారి పడ్డారు. పేరు అగాథ, పడేసింది అగాధంలో.

పడ్డది మళ్ళీ అదే గదిలో. కాకపోతే కిటికీలకు నల్ల గుడ్డలు, మూలన ఇసుక బకెట్లు. మధ్యలో ఒకావిడ చీపురు పట్టుకుని నోరు తెరిచి చూస్తోంది. ఆవిడ విన్నీ గ్యాదర్‌కోల్. గంటలు కొట్టే మగవాళ్ళంతా యుద్ధానికి పోతే, గోపురం బాధ్యత నెత్తికెత్తుకున్న మనిషి. అది పందొమ్మిది వందల నలభై, ఆగస్టు నెల.

"పైనుంచి పడ్డారేమర్రా?" అందావిడ.

"మేం ఇక్కడి వాళ్ళమే మామ్మగారూ, ఇప్పటివాళ్ళం మాత్రం కాదు" అంటూ ఇమొజెన్ మొత్తం చెప్పేసింది.

విన్నీ మామ్మ చీపురు చంకన పెట్టుకుంది. "సరేలే. యుద్ధం వచ్చాక వెన్న మాయమైంది. జర్మన్లకి దారి తెలీకూడదని ఊరి పేరు బోర్డులూ మాయం చేశారు. ఇన్ని మాయమయ్యాక, ఇద్దరు ప్రత్యక్షమైతే వింతేముంది?"

"అయితే మళ్ళీ ఆ గంట కొట్టేసి వెళ్ళిపోతాం" అంటూ రూఫస్ తాడు అందుకున్నాడు. విన్నీ మామ్మ చీపురు పారేసి వాడి మీదకు దూకింది.

"చంపావు పో! గంటలు మోగకూడదురా నాయనా! మోగిందంటే జర్మన్లు గొడుగులేసుకుని ఆకాశంలోంచి దిగినట్టు లెక్క. ఊరూరా గంటలందుకుంటారు, వంతెనలు మూసేస్తారు, పట్నం నుంచి సైన్యం దిగుతుంది. ఊరికే కొట్టినవాణ్ణి జైల్లో వేస్తారు."

ఇమొజెన్ మొహం వాడిపోయింది. ఇల్లు చేరాలంటే గంట మోగాలి. గంట మోగితే యుద్ధం వాకిట్లోకి వస్తుంది. తాడో పేడో తేల్చుకుందామంటే తాడు ఎదురుగానే ఉంది, లాగే హక్కే లేదు.

"అమ్మ కావాలి" అన్నాడు రూఫస్. వాడి గొంతులో అల్లరి లేదు. అది చూసి ఇమొజెన్‌కి అసలైన భయం పట్టుకుంది.

విన్నీ మామ్మ నడుం బిగించింది. "ఏడవకు. పక్కింటివాళ్ళు తిట్టకుండా సాధన చెయ్యాలంటే మేం గంట నాలుక కట్టేస్తాం. గంట తిరుగుతుంది, మాట్లాడదు. మా ఆయన అలా ఉంటే ఎంత బావుండేదో."

కట్టే తోలుముక్క చెప్పుల రిపేరుకు పోయిందట. ఆవిడ నిచ్చెనెక్కి, టీ కెటిల్‌కు తొడిగే ఉన్ని టోపీని అగాథ నాలుకకు తొడిగి, మొగుడి మేజోళ్ళతో బిగించి దిగింది. పిల్లలు తాడు లాగారు. అగాథ గిర్రున తిరిగింది. నోరు మెదపలేదు. ఇద్దరూ పైకెళ్ళారు, కిందకొచ్చారు. ఇసుక బకెట్లు అక్కడే ఉన్నాయి. విన్నీ మామ్మా అక్కడే ఉంది.

"చప్పుడు లేకపోతే పనవట్లేదు" అంది ఇమొజెన్ నీరసంగా.

"అయితే అగాథ తన నోటితో తను చెప్పాల్సిందేనన్నమాట" అంటూ ఆవిడ మళ్ళీ నిచ్చెనెక్కి టోపీ ఊడదీసుకొచ్చింది. "దీన్ని ఇక్కడ మర్చిపోతే సాయంత్రం టీ చల్లారిపోతుంది."

ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. వచ్చినవాడు హ్యూబర్ట్ పాస్క్. వృత్తికి రొట్టెలు కాల్చేవాడు, హోదాకి ఊరి రక్షణ దళ నాయకుడు. దళానికి తుపాకులింకా రాలేదు కాబట్టి, పొయ్యిలోంచి రొట్టెలు తీసే పొడుగాటి తెడ్డు భుజాన వేసుకుని తిరుగుతాడు. శత్రువు ఎదురైతే కాల్చడం కాదు గానీ, కాలాక బయటికి తీయగలడు.

"విన్నీ పిన్నీ! పైన తాడు కదిలిన చప్పుడైంది. ఎవరీ పిల్లలు?"

"ఈ ఊరి పిల్లలేరా."

"ఈ ఊరా? చొక్కాకి గుండీల్లేవు, బూట్లకి వెలుతురొస్తోంది!"

నిజమే. రూఫస్ బూట్లు అడుగేసినప్పుడల్లా ఎర్రగా మెరుస్తాయి. పాస్క్ కళ్ళు చిన్నవయ్యాయి. "విమానాలకి సైగ చెయ్యడానికి! నా దగ్గర పరీక్షుంది. దొంగ ఇంగ్లీషువాడు ఇట్టే దొరికిపోతాడు. అబ్బాయ్, టీలో పాలు ముందు పోస్తావా, తర్వాత పోస్తావా?"

పాలు ముందా వెనకా అంటే రూఫస్‌కి పాలుపోలేదు. "నేను టీ తాగనండీ" అన్నాడు.

పిల్లల వైపు నిలబడ్డ విన్నీ మామ్మ కూడా ఓ అడుగు వెనక్కేసింది. "ఏంటి నాయనా, అస్సలు తాగవా?"

"వాసనే పడదు."

"జర్మన్!" అని పాస్క్ తెడ్డు ముందుకు చాచాడు. "పిల్లల వేషంలో పొట్టి జర్మన్లు! చేతులెత్తండి! ఇద్దర్నీ పట్నం పోలీసులకి అప్పగిస్తా. పదండి."

పట్నం అంటే అగాథకి దూరం. అగాథకి దూరమైతే, అమ్మకి మొత్తానికే దూరం. ఇమొజెన్ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుని అడిగింది. "సార్, మేం జర్మన్లమని మీకు గట్టిగా నమ్మకమేనా?"

"నా రొట్టె మీదొట్టు."

"మేం ఎలా వచ్చామో మామ్మగార్ని అడగండి. అబద్ధం చెప్పొద్దు మామ్మా, చూసింది చూసినట్టు చెప్పండి."

విన్నీ మామ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. మెల్లగా ఆవిడ పెదాలు సాగాయి. "పైనుంచి పడ్డారు హ్యూబర్టూ. నా కళ్ళారా చూశాను. చర్చిలో నిలబడి అబద్ధమాడను."

"పైనుంచా? ఆకాశంలోంచే!" పాస్క్ తెడ్డు పైకప్పు వైపు తిప్పాడు.

"మరి శత్రువు పైనుంచి దిగితే, దళ నాయకుడు ముందుగా చెయ్యాల్సిందేమిటి సార్?" అంది ఇమొజెన్.

పాస్క్ నిటారుగా నిలబడ్డాడు. ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు, పాఠం అప్పజెప్పినట్టు అన్నాడు: "గంట మోగించాలి!"

"మోగించకపోతే?"

"విధి మరిచిన ద్రోహి." పాస్క్ విన్నీ మామ్మ వైపు తిరిగాడు. "పిన్నీ, నేను ద్రోహినా?"

"ఇప్పటికింకా కాలేదు. ఇంకాస్సేపు ఇలాగే మాట్లాడుతూ నిలబడితే అవుతావు."

"అయితే కొట్టు! వెంటనే కొట్టు! ఆజ్ఞ!"

"నీ ఆజ్ఞేనా? రేపు పైవాళ్ళడిగితే?"

"నాదే! హ్యూబర్ట్ పాస్క్ ఆజ్ఞ!"

"అగాథని ఒక్కదాన్నే లాగలేనే. నా నడుం సంగతి నీకు తెలుసు. నువ్వు లాగుతావా?"

"నేను లాగితే ఖైదీల్ని ఎవరు చూస్తారు?"

"అదీ నిజమే. ఖైదీల చేతే లాగిద్దాం. ఇద్దరూ నీ తెడ్డు కిందే ఉంటారు."

మహా తెలివైన ఏర్పాటని పాస్క్ తలూపాడు. పిల్లలు తాడు పట్టుకున్నారు. విన్నీ మామ్మ వాళ్ళ చేతుల మీద చేతులేసి, చెవి దగ్గర గొణిగింది. "జాగ్రత్తర్రా. తాడు పైకి పోయేటప్పుడు వదలకండి. జీవితంలో ఈ మాట ఎవరికీ చెప్పలేదు, మళ్ళీ చెప్పను."

"మీరు మాకోసం అబద్ధం..." అని మొదలెట్టాడు రూఫస్.

"ఎక్కడాడాను? అన్నీ నిజాలే. లాగు!"

'భోం!'

పిల్లలు డెస్మండ్ గారి కాళ్ళ దగ్గర పడ్డారు. ఆయన కప్పు పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ముట్టుకోవద్దన్నానా!" అని గోపురం అదిరేలా కేకలేశారు. రూఫస్ పరుగెత్తుకెళ్ళి ఆయన నడుం వాటేసుకున్నాడు. ఆయనకి తిట్టడమెలాగో అర్థం కాలేదు. "అమ్మ దగ్గరికెళ్ళిపోతాం సార్" అని ఇమొజెన్ వాడి చెయ్యి పట్టుకుని, ఇంటి దాకా వదిలితే ఒట్టు.

అవతల పందొమ్మిది వందల నలభైలో ఊరు ఊరంతా లేచింది. పడక్‌లో పడక దిగనివాడు లేడు. గడ్డి పారలు, కత్తిపీటలు, క్రికెట్ బ్యాట్లు పట్టుకుని చర్చి ముందు చేరారు. అంత గందరగోళంలోనూ వరసలో నిలబడ్డారు, ఎవరి వంతు రాగానే వాళ్ళు పొడవచ్చని.

పాస్క్ బయటికొచ్చాడు. మొహం మైదాపిండిలా ఉంది.

"ఎక్కడ్రా జర్మన్లు?" అని అరిచారు.

"లేరు. వెళ్ళిపోయారు."

"ఎటు?"

పాస్క్ తెడ్డెత్తి ఆకాశం చూపించాడు. "పైకి."

విన్నీ మామ్మ అతని వెనక నిలబడి, గొంతు సవరించుకుంది. "నా కళ్ళారా చూశాను. ఇద్దరు దిగారు. హ్యూబర్ట్ ఎదురుగా తెడ్డు చాచి నిలబడ్డాడు. వచ్చిన దారినే తిరిగిపోయారు."

జనం హోరెత్తిపోయారు. పాస్క్‌ని భుజాల మీదికెత్తుకున్నారు. కళ్ళు తిరుగుతుంటే అతను పిన్ని వైపు చూసి, "అంతా అలాగే జరిగిందంటావా?" అని అడిగాడు.

"అక్షరాలా" అంది విన్నీ మామ్మ. "పద, పట్నం సైన్యం దారిలో ఉంది. వాళ్ళకీ ఇదే చెప్పాలి. రొట్టెలేమైనా మిగిలాయా?"