ఓసీ వచ్చింది, నా ఉద్యోగం ఊడింది

నేను ఒక డీజిల్ జనరేటర్‌ని. గొంతు పెద్దది, పొగ ఎక్కువ, మర్యాద తక్కువ. నేను నడుస్తున్నప్పుడు నా పక్కన ఎవరూ గుసగుసలాడలేరు, అరిచే మాట్లాడుకోవాలి. అందుకే నాకు తెలియని గుట్టంటూ లేదు.

పుణె దగ్గర ఒక కార్ఖానాలో పుట్టాను. పచ్చరంగు పూసి, మెడలో నిమ్మకాయ కట్టి లారీ ఎక్కించారు. మొదటి యజమానికి నల్లగొండలో టెంట్ హౌస్ ఉండేది. ఆయన చేతికింద లెక్కలేనన్ని పెళ్లిళ్లు చేశాను. తాళి కట్టే వేళకు కరెంటు పోతే దేవుడి కన్నా ముందు నన్ను తలచుకునేవారు. లైట్లు వెలగ్గానే, ఆ దరిద్రపు చప్పుడు దూరంగా పెట్టించండయ్యా అనేవారు. మనుషుల కృతజ్ఞత ఎంతసేపు నిలుస్తుందో అక్కడే తెలిసింది. కొన్నాళ్లకు ఆయన చప్పుడు చేయని కొత్తదాన్ని కొనుక్కుని నన్ను ముకుందానికి అమ్మేశాడు.

ముకుందం గారు అనాలి నిజానికి. చివరిదాకా చదివాక మీకు అనబుద్ధయితే అనండి.

ముకుందం బిల్డరు. హైదరాబాదు శివార్లలో 'అమృతవర్షిణి' అనే అయిదంతస్తుల అపార్ట్‌మెంటు కట్టాడు. అమృతం సంగతి దేవుడెరుగు, నల్లాలో మామూలు నీళ్లే రావు. ట్యాంకరు రావాలి, ఆ నీళ్లు పైకెక్కడానికి నేను మోటారు తిప్పాలి. ఎందుకంటే ఆ భవనానికి ఓసీ లేదు. ప్లాను ప్రకారమే కట్టారు, ఇందులో మనుషులు ఉండొచ్చు అని మునిసిపాలిటీ ఇచ్చే కాగితమే ఓసీ. అది లేనిదే శాశ్వత కరెంటు కనెక్షన్ ఇవ్వరు, మంచినీళ్ల కనెక్షనూ ఇవ్వరు. కట్టుబడి కోసం తీసుకున్న తాత్కాలిక కనెక్షన్ మీద ఫ్యాన్లూ లైట్లూ ఏదో ఈడ్చుకొస్తున్నాయి. లిఫ్టూ మోటారూ నా నెత్తిన పడ్డాయి.

కాగితం లేని ఇంట్లోకి ఇంతమంది చదువుకున్నవాళ్లు ఎలా చేరారని అడుగుతారేమో. పంచాంగం చూసి చేరారు. ఇళ్లు దాదాపు పూర్తయ్యే వేళకు మూఢం వస్తోంది. మూఢం వస్తే కొన్ని నెలలపాటు ముహూర్తాలుండవు, గృహప్రవేశాలుండవు. ముకుందానికి ఇంజనీరింగు రాదు గానీ పంచాంగం కంఠతా వచ్చు. మూఢానికి ముందు చివరి వారంలో అందరికీ ఫోన్లు చేసి, తాళాలు సిద్ధం, వచ్చి పాలు పొంగించుకోండి అన్నాడు. తాళంతోపాటు ఒక కాగితం కూడా చేతిలో పెట్టాడు. ఇల్లు పూర్తి సంతృప్తితో స్వాధీనం చేసుకున్నాం, మాకే ఫిర్యాదూ లేదు అని అందులో ఉంది. బయట బ్రాహ్మడు వర్జ్యం వచ్చేస్తోందని తొందరపెడుతుంటే ఎవరు చదువుతారు? అందరూ సంతకాలు పెట్టి పాల గిన్నెల దగ్గరికి పరుగెత్తారు.

ఆ రోజు పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా నన్ను ఆపలేదు. గృహప్రవేశానికి ముందుగా గోమాత అడుగుపెట్టాలి కదా, ఆవును లిఫ్టులో ఎక్కించి ప్రతి అంతస్తూ తిప్పాను. అది లిఫ్టులోనే పేడ వేసింది. శుభం అన్నారు.

మర్నాటి నుంచి నాకు వేళలు పెట్టాడు ముకుందం. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. డీజిల్ క్యాన్లు సెల్లారులో ఒక గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. రోజూ సాయంత్రం ఒక్క క్యాను బయటపెట్టించేవాడు, మర్నాటి పొద్దుటి వేళతో అది సరి. వాచ్‌మన్ యాదయ్య దాన్ని నాలో పోసేవాడు.

నాలుగో అంతస్తులో ఉమాపతి ఉండేవాడు. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్లు పోయాయి, చక్రాల కుర్చీలోనే తిరుగుతాడు. చిన్న చిన్న దుకాణాల వాళ్లకు ఇంట్లోంచే పన్నుల లెక్కలు రాసిపెడతాడు. భార్య హైమ బళ్లో లెక్కల టీచరు. లిఫ్టు ఇరవైనాలుగు గంటలూ ఉంటుందంటేనే వాళ్లు ఆ ఇల్లు కొన్నారు. లిఫ్టు ఇరవైనాలుగు గంటలూ ఉండేది, పాపం. నా వేళల్లో తప్ప కదిలేది కాదంతే. ఆవుకు దక్కిన భోగం ఉమాపతికి దక్కలేదు.

హైమ వారానికోసారి ముకుందాన్ని ఓసీ గురించి అడిగేది. ఫైలు కమిషనర్ గారి టేబుల్ మీదుందమ్మా అనేవాడు. తర్వాత కమిషనర్ సెలవులో ఉన్నాడు, ఆ తర్వాత ఎన్నికలొచ్చాయి. ఒకసారైతే, మూఢంలో ఓసీ అడుగుతారా మేడమ్, మంచిది కాదు అన్నాడు. నాకు నవ్వొచ్చి రెండుసార్లు దగ్గాను.

ఆ నవ్వు ఎక్కువ రోజులు నిలవలేదు. వీధి మూలన ఇస్త్రీ బండి పెట్టుకునే సాయన్నకు ఉమాపతి అంటే ప్రాణం. రోజూ సాయంత్రం నా వేళలో ఉమాపతి కిందికి దిగితే ఇద్దరూ బండి పక్కన చదరంగం ఆడేవారు. ఒకరోజు సాయన్న గుండె ఆగి చనిపోయాడు. మిట్టమధ్యాహ్నం పాడె మా గేటు ముందు నుంచే వెళ్తోంది. చివరి చూపు చూడాలన్నాడు ఉమాపతి. హైమ మెట్లన్నీ దిగి యాదయ్య దగ్గరికి పరుగెత్తింది. నాలో చుక్క డీజిల్ లేదు. ముకుందం ఫోనెత్తలేదు. అపార్ట్‌మెంటులో ఆ వేళకు యాదయ్యతో చెయ్యి కలిపి కుర్చీని మోయగలిగే మగవాళ్లు లేరు. డప్పుల చప్పుడు మలుపు తిరిగి వినపడకుండా పోయేదాకా ఉమాపతి బాల్కనీలోనే ఉన్నాడు. సాయంత్రం నా వేళకు నేను లేచాను గానీ అతను దిగలేదు. నాకు కోపమొచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక నల్లటి పొగ వదిలాను.

హైమ ఆ వారమే అపార్ట్‌మెంటు వాళ్లందరినీ సెల్లారులో కూర్చోబెట్టింది. నస్రీన్ గారనే లాయరును పిలిపించింది. అందరి భయమూ ఒకటే. సంతకం పెట్టేశాం కదా, ఇంకేం అడుగుతాం అని. నస్రీన్ గారు చాలాసేపు ఓపిగ్గా చెప్పారు. ఓసీ తెచ్చే బాధ్యత చట్టం బిల్డరు నెత్తిన పెట్టింది, మీరు పాలు పొంగించినంత మాత్రాన అది దిగిపోదు. ఆ కాగితం లేకుండా తాళాలిస్తే ఇల్లు అప్పగించినట్టు కాదు. సేవాలోపమని వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. మనకు ముందు కావలసింది ఓసీ కాబట్టి రెరాకు, అంటే బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే ప్రభుత్వ సంస్థకు వెళ్దాం, అది తెమ్మని బిల్డరును ఆదేశించే అధికారం వాళ్లకుంది. దానికంటే ముందు ఓసీ ఫైలు ఏమైందని సమాచార హక్కు కింద మునిసిపాలిటీని ఒక ముక్క అడగండి అన్నారు.

మునిసిపాలిటీ జవాబు చూసి అందరూ నోళ్లు తెరిచారు. ఓసీ కోసం అసలు దరఖాస్తే రాలేదట. కమిషనర్ టేబుల్ మీద ఇన్నాళ్లూ ఆ ఫైలు ఊహల్లోనే పడుకుంది. కారణం డాబా మీదుంది. ప్లానులో లేని రెండు గదులు అక్కడ కట్టించి, బావమరిదికి ఆఫీసుగా ఇచ్చాడు ముకుందం. దరఖాస్తు పెడితే కొలతలకొస్తారు, వస్తే గదులు కూల్చమంటారు. బావమరిది ఆఫీసు కోసం ఇంతమంది ఇళ్లకు నీళ్లూ కరెంటూ ఆపాడు.

రెరాలో ముకుందం లాయరు ఊహించినట్టే ఆ సంతకాల కాగితాలు ఊపాడట. ఓసీ ఒక లాంఛనమేనని, భవనంలో సకల సౌకర్యాలూ నడుస్తున్నాయని వాదించాడట. అలాగైతే చూసి రమ్మని వాళ్లొక ఇంజనీరును పంపారు.

ఆ రోజు ముకుందం నాకు బంతిపూల దండ వేశాడు. పొద్దుటి నుంచి ఆపకుండా నడపమన్నాడు. ఆపకుండా నడపాలంటే ఆపకుండా తాగాలన్న సంగతి మాత్రం మరిచిపోయాడు, అలవాటు చొప్పున ఒక్క క్యానే బయటపెట్టించాడు. ఇంజనీరు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. ఆయనా, ముకుందమూ లిఫ్టెక్కారు. కింద ఎదురుచూస్తున్న ఉమాపతి కుర్చీ కూడా వాళ్లతోపాటు ఎక్కింది. రెండో అంతస్తు దాటాక నా డబ్బా ఖాళీ అయింది. న్యాయం కోసం ఆగానని కథలు చెప్పను. డీజిల్ అయిపోయింది, ఆగాను.

లిఫ్టులోంచి ముకుందం గొంతు సెల్లారుదాకా వినిపించింది. "యాదయ్యా, డీజిల్ పొయ్యరా!"

యాదయ్య మెట్ల దగ్గర నిలబడి నింపాదిగా జవాబిచ్చాడు. "తాళంచెవి మీ జేబులనే ఉంది సార్."

తర్వాత ఉమాపతి గొంతు వినిపించింది. "పరేషాన్ గాకండి ఇంజనీర్ సాబ్. మీరు ఒక్కపూటనే ఉంటరు. నేను రోజూ ఉంట."

యాదయ్య పైకెళ్లి లిఫ్టు మోటారు చక్రం చేత్తో తిప్పుతూ లిఫ్టును రెండో అంతస్తుకు దింపాడు. చెమటతో తడిసి బయటికొచ్చిన ఇంజనీరు డాబా ఎక్కి రెండు గదులూ చూశాడు. తర్వాత సెల్లారుకొచ్చి, పూలదండతో నోరు మూసుకున్న నన్నూ చూశాడు.

ఆదేశం వచ్చింది. గదులు తీసేసి, తన ఖర్చుతోనే ఓసీ తేవాలి. అది వచ్చేదాకా కొన్నవాళ్లకు వడ్డీ కట్టాలి, నా తిండి ఖర్చూ బిల్డరుదే. అప్పీలుకు పోతానని ముకుందం తొడగొట్టాడు. అప్పీలు చేయాలంటే బిల్డరు ముందు సొమ్ము జమ చేయాలని లాయరు చెప్పగానే ఆ తొడ చల్లబడింది. బావమరిది ఆఫీసు గోడలు పగులుతున్న రోజు యాదయ్య నాకు హారతిచ్చాడు. ఎందుకో నాకూ అర్థం కాలేదు, వద్దనలేదు.

ఓసీ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది. నల్లాలో నీళ్లొచ్చిన రోజు హైమ బకెట్టు ముందు కూర్చుని ఏడ్చింది. నాకు సంతోషంగానే ఉంది గానీ, వాళ్లు గెలిచారంటే నా అవసరం తీరిందని అర్థం. నన్ను పాత ఇనప కొట్టుకు మాట్లాడారు.

ట్రాలీలోకి నన్ను ఎక్కిస్తున్న వేళ మిట్టమధ్యాహ్నం. నాకూ డీజిల్‌కూ సంబంధం లేకుండా లిఫ్టు దానంతటది దిగింది. ఉమాపతి కుర్చీ బయటికొచ్చింది. చేతిలో సంచీ లేదు, ఫైలూ లేదు. గేటుదాకా వెళ్లి ఎండలో కాసేపు ఆగాడు.

"ఏం పని మీద దిగిన్రు సార్?" అన్నాడు యాదయ్య.

"ఏం పని లేదు యాదయ్యా. ఊరికే."

మళ్లీ లిఫ్టెక్కి పైకి వెళ్లాడు. ట్రాలీకి తాళ్లు బిగిస్తుండగానే మళ్లీ దిగాడు.